వానలో నడిచి చూశాకే క్యాంపస్ ప్లాన్ వేయండి

పాత భవనాలున్న ఒక విద్యాసంస్థలో 22 ఏళ్లు భవనాల విభాగం ఇంజనీరుగా పనిచేశాను. ఇప్పుడు అలాంటి మరికొన్ని సంస్థలకు సలహాదారుగా వెళ్తున్నాను. ఎక్కడికి వెళ్లినా మొదటి మీటింగులో టేబుల్ మీద ఒక పెద్ద రంగుల ప్లాన్ పరిచి ఉంటుంది. రాబోయే 20 ఏళ్లలో ఏ బ్లాకు ఎక్కడ లేవాలో, పార్కింగ్ ఎక్కడ పెట్టాలో, లాన్ ఎంతవరకు పరచాలో అన్నీ అందులో ఉంటాయి. పాత భవనం మాత్రం ఒక బూడిదరంగు డబ్బాలా కనిపిస్తుంది. దాని గోడ ఎక్కడ తడుస్తోందో, నేల ఎంత బరువు మోస్తుందో, మెట్ల మీద నిలబడితే ఎదురుగా ఏం కనిపిస్తుందో ఆ కాగితం చెప్పదు.

ఆ ప్లాన్‌ను చుట్టి పక్కన పెట్టమంటాను. ఒక ఏడాది పాటు అన్ని కాలాల్లోనూ ఉన్న భవనాలను చూడమంటాను. వాడకపోతే నిధులు వెనక్కి పోతాయన్న టెన్షన్ నాకు తెలియనిది కాదు. ఆ టెన్షన్‌లోనే నేనూ కొన్ని పనులు చేయించాను, వాటి ఫలితం భవనాలు భరించాయి. ఏడాది ఆగలేమంటే కనీసం ఒక వానాకాలమైనా ఆగండి.

వానలో నడక

మంచి వాన పడుతున్న రోజున గొడుగు, టార్చి, సుద్దముక్క, ఫోను పట్టుకుని బయలుదేరండి. నీరు కప్పు మీద పడిన చోటు నుంచి కాలువలో కలిసే చోటు దాకా దాని వెంటే వెళ్లాలి. కప్పు మీద ఎక్కడ నిలుస్తోంది? చూరు కాలువలో ఆకులు అడ్డుపడి ఎక్కడ పొంగుతోంది? గొట్టం అతుకుల దగ్గర కారుతూ వెనక గోడను నల్లగా చేసిన చోటు ఏది? నేల మీద పడ్డ నీరు గోడ అడుగుకు చిమ్ముతోందా? ఏసీ పెట్టెల నుంచి కారే నీరు గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఏ కార్నిసు అంచు మీద పడుతోంది? తడిసిన చోటల్లా సుద్దతో అంచు గీసి తేదీ రాయండి. మూడు రోజుల తర్వాత, పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లి ఆ అంచు ఎంత వెనక్కి తగ్గిందో చూడండి. తొందరగా ఆరిన చోటుతో పెద్ద బెంగ లేదు. పది రోజులైనా ఆరని చోటు మీ పనుల జాబితాలో మొదటి వరుసలో ఉండాలి.

ఈ నడకకు సంస్థ అధిపతిని కూడా తీసుకెళ్లండి. నేను రాసిన 40 పేజీల నివేదికతో కదలని ఫైలు, ఒక ప్రిన్సిపాల్ గారు వెనక మెట్ల దగ్గర పావుగంట నిలబడి నీరు గోడలోకి ఇంకడం చూశాక మర్నాడే కదిలింది.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. మా క్యాంపస్‌లో అన్నిటికంటే పాత భవనం కింది గోడలకు నడుము ఎత్తు వరకు చెమ్మ ఉండేది. సున్నపు గార పెచ్చులుగా ఊడి, లోపలి ఇటుక పిండిగా రాలేది. నేను ఆ గార అంతా కొట్టించి, నీరు చొరకుండా ఆపే రసాయనం కలిపిన సిమెంటుతో గట్టి ప్లాస్టరింగ్ చేయించాను. పని చూడ్డానికి బాగుంది, బిల్లూ తక్కువే అయింది. రెండేళ్లు తిరిగేసరికి చెమ్మ నడుము ఎత్తు నుంచి తల పైదాకా ఎక్కింది.

అప్పటికే పనులకు వెళ్లడం మానేసిన ఒక పెద్ద మేస్త్రీని పిలిపించి చూపించాను. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, దీనికి రెయిన్‌కోటు తొడిగారు. లోపలి చెమట ఎటు పోవాలి?" అన్నారు. నా చదువంతా చెప్పలేనిది ఆ ఒక్క మాటలో అర్థమైంది. పాత మందపు గోడ నేలలోని నీటిని ఒత్తిలా పైకి పీల్చుకుంటుంది. సున్నపు గారకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఆ నీరు కింది అడుగుల్లోనే ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నీరు దారి వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. దానితో పాటు వచ్చిన లవణాలు ఇటుక లోపలే గడ్డకట్టి స్ఫటికాలుగా పెరుగుతాయి. ఆ ఒత్తిడికి ఇటుక లోపలి నుంచి పగులుతుంది.

అసలు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి గోడ పక్కన ఒక గొయ్యి తవ్వించాం. పైన తారు, దాని కింద మరో తారు, ఆ కింద కంకర రోడ్డు, ఇంకా కింద అసలు నేల. దశాబ్దాలుగా రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తియ్యకుండా దాని మీదే కొత్తది వేశారు. నేల అడుగున్నర పెరిగింది. గోడ అడుగున చెక్క నేల కిందికి గాలి వెళ్లడానికి వదిలిన కంతలు మొత్తం పూడిపోయాయి. గోడకు జబ్బు లేదు, దాని మెడ దాకా మట్టి వచ్చింది, అంతే.

గోడ చుట్టూ పాత మట్టం వరకు మట్టి తీయించాం, నీరు గోడకు దూరంగా జారేలా వాలు పెట్టాం, గాలి కంతలు తెరిచాం, సిమెంటు పొర జాగ్రత్తగా ఊడదీశాం. వెంటనే గార వేయించలేదు. మందపు గోడ ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక నెల పడుతుందని ఒక ముతక లెక్క ఉంది. మాది 450 మిల్లీమీటర్ల గోడ, అంటే 18 నెలలు. అన్నాళ్లూ ఆ గోడ అలా బోడిగా ఉంటే వచ్చినవాళ్లందరూ పని ఎందుకు ఆగిందని అడిగేవాళ్లు. ఆగలేదు, ఆరుతోంది అని ఒక బోర్డు పెట్టించాను.

మీరూ ముందు ఈ గొయ్యి తవ్వించండి. ఒక మనిషి ఒక రోజు పని. భవనం చుట్టూ రెండు మూడు చోట్ల తవ్వితే చెమ్మ సమస్యల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. చెమ్మ వైద్యం పేరుతో గోడకు కంతలు చేసి రసాయనాలు ఎక్కించాలనే ప్రతిపాదన ఎవరైనా తెస్తే, చూరు కాలువలు, గొట్టాలు, చుట్టూ నేల మట్టం ఈ మూడూ సరిచేసి ఏడాది చూశాకే దాని గురించి మాట్లాడండి.

సున్నం పని

ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో, జోసెఫ్ ఆస్ప్‌డిన్‌కు. అది అందరి చేతికీ రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కాబట్టి 19వ శతాబ్దపు గోడ అంటే సున్నంతో కట్టిందనే మొదట అనుకోవాలి, కాదని తేలేదాకా. సున్నం గోడకు సున్నమే వాడాలి. ఇటుకల మధ్య మసాలా ఇటుక కంటే మెత్తగా ఉండాలన్నది ఇందులో మూలసూత్రం. గోడ కదిలినప్పుడు, తడిసినప్పుడు దెబ్బ తినాల్సింది మసాలా. వందేళ్లకొకసారి దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. మసాలా గట్టిగా, ఇటుక మెత్తగా ఉంటే ఇటుకలు లోపలికి అరిగిపోయి, సిమెంటు గీతలు మాత్రం గూడులా బయటికి పొడుచుకుని మిగులుతాయి. అలాంటి గోడ మీ క్యాంపస్‌లో ఇప్పటికే ఒకటి ఉంటుంది, వెళ్లి చూడండి.

పాత మసాలాను పోలిన మసాలా కావాలంటే గోడ లోపలి నుంచి గుప్పెడు ముక్క తీసి పల్చటి ఆసిడ్‌లో వేయించండి. సున్నం కరిగిపోయి ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను ఆరబెట్టి జల్లెడ పడితే రేణువు పరిమాణం, రంగు తెలుస్తాయి. పాత గోడ రంగు ఎక్కువగా ఆ ఇసుకదే. ఇసుకలో గవ్వల ముక్కలో సున్నపురాయి పొడో ఉంటే అదీ కరిగిపోతుంది కనుక ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అనుమానం ఉంటే ప్రయోగశాలకు పంపండి.

పాత సందులు శుభ్రం చేయడానికి తిరిగే బ్లేడు మిషను ఇవ్వకండి. సందు కంటే బ్లేడు వెడల్పు ఎక్కువైతే ఇటుక అంచులు తెగిపోతాయి, ఆ అంచు మళ్లీ రాదు. చేత్తో, ఉలితో చేయించండి. పని నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి. నింపే ముందు గోడను బాగా తడపాలి, పల్చటి పొరలుగా వేయాలి, ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. అది జరగాలంటే కాస్త తేమ ఉండాలి. గడ్డకట్టే చలిలో గానీ, మాడ్చే ఎండలో గానీ ఈ పని పెట్టుకోకూడదు. అందుకే టెండరు తేదీ వేసేముందు వాతావరణం చూసుకోమంటాను.

ఇసుకను వేగంగా చిమ్మి ఇటుక గోడ కడగడం మాత్రం ఎవరు ఎంత గట్టిగా చెప్పినా ఒప్పుకోకండి. బట్టీలో కాలిన ఇటుకకు పైన గట్టి చర్మం ఉంటుంది. అది పోతే లోపలి మెత్తని మట్టి వానకు ఎదురవుతుంది. ప్లాస్టిక్ రంగులు కూడా నా సిమెంటు రెయిన్‌కోటు లాంటివే. సున్నం వేస్తే గోడ ఊపిరి తీసుకుంటుంది.

గోడలో ఇనుము పెట్టేటప్పుడు రెండుసార్లు ఆలోచించండి. ఏథెన్స్‌లో పార్థెనాన్ అనే పాలరాతి గుడి కట్టిన పాత గ్రీకులు రాళ్లను పట్టి ఉంచే ఇనుప కొంకులకు సీసం పోత పోశారు. నీరు తగలక అవి రెండు వేల ఏళ్లకు పైగా నిలిచాయి. 20వ శతాబ్దం మొదట్లో నికొలాస్ బలానోస్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో జరిగిన మరమ్మతుల్లో సీసం లేని ఇనుము పెట్టారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పాలరాయిని చీల్చింది. అక్కడి కట్టడాల సంరక్షణకు 1975లో ఏర్పడిన కమిటీ కింద ఆ ఇనుము తీసేసి టైటానియం పెడుతూ వస్తున్నారు. శతాబ్దాలు తట్టుకున్న రాయిని కొన్ని దశాబ్దాల మరమ్మతు పగలగొట్టింది. మీరు చేసే ప్రతి పని గురించీ అడగాల్సిన ప్రశ్న ఇదే: తప్పని తేలితే దీన్ని రాయి పాడవకుండా వెనక్కి తీయగలమా?

బీటల విషయానికి వస్తే, వాటిని వెంటనే పూడ్చేయకండి. పూడిస్తే అది మీతో మాట్లాడటం మానేస్తుంది. బీట అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటే కొత్తది. లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు కనిపిస్తే చాలాకాలంగా ఉన్నదే. బీటకు అటూ ఇటూ రెండు గుర్తులు పెట్టి, నెలకోసారి మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాయండి. వానలకు మూసుకుని ఎండలకు తెరుచుకునే బీట వేరు, ప్రతి నెలా ఒకే వైపుకు పెరిగేది వేరు. రెండోది కనబడిన రోజునే ఇంజనీరును పిలవాలి, అదీ రాతి, ఇటుక కట్టడాల మీద పనిచేసిన మనిషినే. కాంక్రీటు ఫ్రేము లెక్కలు మాత్రమే తెలిసిన ఇంజనీరు పాత గోడను చూస్తే, లెక్క కుదరట్లేదు కాబట్టి కూల్చేయమని రాసే ప్రమాదం ఉంది. అలాంటి నివేదిక ఒక్కసారి ఫైల్లోకి వచ్చిందంటే దాన్ని దాటడం చాలా కష్టం.

ప్రతి భవనానికీ ఒక పుస్తకం

చూడటం అయ్యాక రాయడం. ఒక్కో భవనానికి ఒక పుస్తకం పెట్టండి. ఎప్పుడు కట్టారు, ఎవరు, ఏ పదార్థంతో, ఎప్పుడెప్పుడు ఏం మార్చారు, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు. పాత చిత్రపటాలు, లెడ్జర్లు, గ్రూప్ ఫోటోలు అన్నీ వెతకండి. ఫోటోలో ముందు కూర్చున్న మనుషుల కంటే వెనక కనిపించే కిటికీ మనకు ముఖ్యం. రిటైరైన ఎలక్ట్రీషియన్, తోటమాలి, వాచ్‌మన్ ఈ ముగ్గురినీ తప్పకుండా కలవండి. మా దగ్గర మూసేసిన ఒక బావి ఎక్కడుందో ఏ డ్రాయింగులోనూ లేదు. తోటమాలి చూపించాడు. మేము కొత్త బ్లాకు పునాది వేయాలనుకున్న స్థలానికి సరిగ్గా పది అడుగుల దూరంలో ఉంది.

కొలతలు తీయించండి. డబ్బుంటే లేజర్ స్కాన్, లేకపోతే ఫోటోల నుంచి కొలత తీసే పద్ధతి. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ప్రొఫెసర్ పారిస్‌లోని పాత చర్చి నోత్రదామ్‌ను లేజర్‌తో 100 కోట్లకు పైగా బిందువులుగా కొలిచి పెట్టారు. 2018లో ఆయన పోయారు. 2019 ఏప్రిల్ 15న కప్పు కాలిపోయింది. తిరిగి కట్టేవాళ్లకు ఆయన కొలతలు చేతికందాయి.

ఆ తర్వాత కష్టమైన పని, ఏది ఎంత ముఖ్యమో నిర్ణయించడం. అన్నీ ముఖ్యమే అని రాసిన కమిటీ ఏదీ కాపాడలేదు. నేను నాలుగు మెట్లు వాడతాను: ముట్టుకోకూడనిది, జాగ్రత్తగా మార్చదగినది, స్వేచ్ఛగా మార్చదగినది, తీసేస్తే మేలయ్యేది. భవనానికి మాత్రమే కాదు, గదికి, మెట్లకు, తలుపుకు కూడా ఈ మెట్టు వేయండి. ముట్టుకోకూడని భవనంలో కూడా వరండా మూసి కట్టిన ఆస్బెస్టాస్ రేకుల గది నాలుగో మెట్టుదే. దాన్ని తీసేయడానికి భయపడకండి, రేకులు మాత్రం ఆ పని తెలిసినవాళ్లతో పగలకుండా తీయించండి. అలాగే పాతదంటే వందేళ్లదే అనుకోవద్దు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం క్యాంపస్ 1949-52లో కట్టిందే, 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆర్కిటెక్ట్ లూయిస్ కాన్ గీయగా 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థలో టేకు కిటికీలు పాడైతే, గెట్టీ అనే పరిరక్షణ సంస్థ పరిశోధకులతో కలిసి ఏళ్ల తరబడి పరీక్షించి, అసలు టేకులో వీలైనంత ఎక్కువ నిలబెట్టుకున్నారు. మీ దగ్గర 60 ఏళ్ల కాంక్రీటు భవనం ఉంటే దానికీ పుస్తకం పెట్టండి.

పోయిన భాగాన్ని మళ్లీ కట్టాలన్న కోరిక ప్రతి కమిటీలోనూ పుడుతుంది. పాత కట్టడాల పరిరక్షణకు నిపుణులు రాసుకున్న అంతర్జాతీయ పత్రం, 1964 వెనిస్ చార్టర్, దీనికి ఒక గీత గీసింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. ఫోటో ఉందా, కొలత ఉందా, మిగిలిన ముక్క ఉందా? లేకపోతే సాదాగా, ఇది కొత్తదని తెలిసేలా కట్టండి. కొత్తగా వేసిన దూలానికి కనిపించని వైపు సంవత్సరం చెక్కించండి.

ఖాళీ స్థలం కూడా కట్టడమే

క్యాంపస్ ప్లాన్‌లో నేను ఎక్కువ గొడవపడేది ఖాళీ స్థలాల గురించి. ప్లాన్ మీద తెల్లగా కనిపించే చోటల్లా స్థలం మిగిలి ఉందనుకుంటారు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం కథ వాళ్లకు చెబుతుంటాను.

దాన్ని స్థాపించిన మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అక్కడ పొడవైన పచ్చిక మైదానానికి అటూ ఇటూ గదులు, అధ్యాపకుల ఇళ్లు కట్టి, ఒక కొసన రొటుండా అనే గుండ్రటి గ్రంథాలయం పెట్టాడు. రెండో కొస తెరిచి ఉంచాడు, కొండల వైపు చూపు సాగేలా. ఆ తెరపి కూడా ఆయన గీసిన ప్లాన్‌లో భాగమే. తర్వాత చోటు చాలక 1850లలో రొటుండా వెనక పెద్ద అనెక్స్ కట్టి దానికి తగిలించారు. 1895 అక్టోబర్ 27న ఆ అనెక్స్‌లో నిప్పు పుట్టింది. మంట రొటుండాకు పాకకుండా మధ్యలోని వంతెన లాంటి భాగాన్ని డైనమైట్‌తో పేల్చారు. ఫలితం లేకపోయింది, రొటుండా కాలిపోయింది. విద్యార్థులు చేతికందిన పుస్తకాలు మోసుకొచ్చారు. తిరిగి కట్టిన ఆర్కిటెక్ట్ స్టాన్‌ఫర్డ్ వైట్ లోపలి అంతస్తు తీసేసి ఒకే పెద్ద గది చేశాడు. పచ్చిక తెరిచి ఉన్న కొసన కూడా కొత్త భవనాలు పెట్టాడు, దాంతో కొండల వైపు చూపు మూసుకుపోయింది. 1970లలో రొటుండా లోపలి భాగాన్ని మళ్లీ జెఫర్సన్ ప్రకారం మార్చారు. వైట్ చేసిన గది కూడా అప్పటికి దాదాపు 80 ఏళ్ల చరిత్రే కదా, దాన్ని తీసేయడం నాకు ఇప్పటికీ మనసొప్పదు. గది సరే, మళ్లీ మార్చగలిగారు. మూసుకుపోయిన ఆ చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఇందులోంచి మీ ప్లాన్‌కు రెండు నియమాలు రాసుకోండి. మొదటిది, పాత భవనానికి కొత్తది తగిలించకండి. తప్పకపోతే మధ్యలో గాజు నడవా లాంటిది పెట్టి, తలుపులు మంటను ఆపేవి పెట్టించండి. అవసరమైతే విప్పేయగలిగేలా ఉండాలి. రెండోది, చూపుల పటం గీయండి. ప్రధాన ద్వారం దగ్గర, మెట్ల మీద, పాత చెట్టు కింద, నడవా చివర నిలబడి ఫోటోలు తీయండి. ఎక్కడి నుంచి ఏం కనిపిస్తోందో ఆ గీతలన్నీ సర్వే పటం మీద గీయండి. ఆ గీతల మీద ఏ భవనమూ, నీటి ట్యాంకూ, ట్రాన్స్‌ఫార్మరూ రాకూడదు. కొత్త భవనం ఎత్తు పాత కప్పు అంచును దాటకుండా ఉంటే మంచిది. మేము సన్న గొట్టాలు, తాళ్లు, గుడ్డ పతాకాలతో కొత్త బ్లాకు ఆకారాన్ని అసలు ఎత్తులో నిలబెట్టి రెండు వారాలు ఉంచాం. కంప్యూటర్ బొమ్మ చూసి సరేనన్నవాళ్లే దాన్ని చూశాక రెండంతస్తులు తగ్గించారు.

కొత్త భవనం పాతదాన్ని అనుకరించాల్సిన అవసరం లేదు. కిటికీల లయ, గోడ రంగు, కప్పు మట్టం కలిస్తే చాలు. ప్లాస్టర్‌తో పోసిన నకిలీ కమానులు పాత కమానుల విలువ తగ్గిస్తాయి.

కేబుళ్లకు, పైపులకు తవ్వే కందకాలు పాత పునాదుల పక్కనుంచి వెళ్లనివ్వకండి. పాత పునాదులు తరచూ లోతు తక్కువగా ఉంటాయి. అందరి కేబుళ్లకూ ఒకే దారి ముందే గీసి పెట్టండి.

ఏ గదిలో ఏం పెట్టాలి

వాడకం లేని భవనం వేగంగా పాడవుతుంది. తూము మూసుకుపోయినా చూసే మనిషి ఉండడు కాబట్టి. అలాగని ఏ పనైనా పెట్టేయకూడదు. పుస్తకాల ర్యాకులు నిండిన గది బరువు తరగతి గది బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ ఉంటుంది. పాత చెక్క నేల మీద ర్యాకులు పెట్టి, దూలాలు వంగాక కింద ఇనుప స్తంభాలు పెట్టిన చోట్లు చాలా చూశాను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయమైన బోడ్లియన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1930లలో కట్టడం మొదలైన న్యూ బోడ్లియన్ మధ్యలో 11 అంతస్తుల పుస్తకాల గోదాము ఉండేది. పుస్తకాలను స్విండన్ అనే వేరే ఊళ్లో కొత్త గోదాముకు తరలించి, ఆ నడిబొడ్డును ఖాళీ చేసి, 2015లో వెస్టన్ లైబ్రరీగా తెరిచారు. బరువు ఊరి బయటికి పోయింది, చదువుకునే మనుషులు లోపలికి వచ్చారు.

మీరూ పాత గదులకు మనుషులనివ్వండి, బరువులు, రసాయనాలు, సర్వర్లు కొత్త భవనాలకు పంపండి. చదువు గది, సెమినార్ హాలు, చిన్న ఆఫీసు లాంటివి పాత గదులకు నప్పుతాయి. గదిని చూసి పని ఎంచుకోవాలి. పనిని చూసి గదిని కోయడం మొదలుపెడితే దానికి అంతుండదు.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు వెనక చెత్తకుండీల పక్కనుంచి దారి పెట్టి, వారసత్వ భవనం కదా అని సర్దిచెప్పుకోవడం నేను ఒప్పుకోను. ర్యాంపు వాలు 12కి 1 మించకూడదు, అంటే మెట్ల ఎత్తు రెండడుగులైతే కనీసం 24 అడుగుల ర్యాంపు. చోటు లేదనిపిస్తుంది. కానీ చాలా సందర్భాల్లో భవనం ముందు నేలనే కొద్దికొద్దిగా ఎత్తుతూ తీసుకొస్తే ర్యాంపు ఉందని కూడా తెలియదు. గాలి కంతలు, గోడ అడుగు పూడకుండా మధ్యలో ఖాళీ వదలాలి, అంతే.

నిప్పు

చెమ్మ భవనాన్ని వందేళ్లలో తింటుంది, నిప్పు ఒక్క రాత్రిలో. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో జాతీయ మ్యూజియం కాలిపోయింది. ఒకప్పటి రాజప్రాసాదం, ఆ ఏడే సంస్థకు 200 ఏళ్లు నిండాయి. దాన్ని నడిపేది ఒక విశ్వవిద్యాలయమే. ఆడిటోరియంలోని ఏసీ నుంచి నిప్పు పుట్టిందని విచారణలో తేలింది. దగ్గరున్న హైడ్రెంట్లలో, అంటే మంటలార్పడానికి నీరిచ్చే పెద్ద కుళాయిల్లో, నీళ్లు లేవు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 2014 మే 23న నిప్పు అంటుకున్నప్పుడు, గోడల్లోని పాత గాలి గొట్టాల వెంట మంట పై అంతస్తులకు ఎగబాకింది. మంటలార్పే వ్యవస్థ అమర్చే పని అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. మరమ్మతు జరుగుతుండగానే 2018 జూన్ 15న అదే భవనం మళ్లీ, ఇంకా ఘోరంగా కాలింది.

కాబట్టి మీ పుస్తకంలో మూసేసిన పొగగొట్టాలు, గాలి గొట్టాలు, చెక్క నేల కింది ఖాళీలు అన్నీ గుర్తించి, అంతస్తుకొకచోట మంట దాటకుండా అడ్డం పెట్టించండి. హైడ్రెంటు ఉందా అని అడిగి ఊరుకోకండి, తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. ఫైర్ స్టేషన్ సిబ్బందిని ఏడాదికోసారి పిలిచి భవనమంతా తిప్పండి. ఏ వస్తువు ముందు బయటికి తేవాలో ఒక పేజీ జాబితా వాళ్లకివ్వండి. మరమ్మతుల కాలమే అన్నిటికంటే ప్రమాదం. వెల్డింగ్, మంటతో చేసే పనికి ఏ రోజుకారోజు రాతపూర్వక అనుమతి ఉండాలి. పని అయ్యాక కనీసం ఒక గంట ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. వీలైతే మంట లేని పద్ధతే ఎంచుకోండి.

పని అప్పగించేటప్పుడు

తక్కువ ధర చెప్పినవాళ్లకే పని ఇవ్వాలన్న నిబంధన మీకుంటే, ముందు అర్హతల దగ్గరే గట్టిగా ఉండండి. సున్నం పని చేసిన మేస్త్రీల వివరాలు, వాళ్లు చేసిన మూడు భవనాలు అడగండి, వెళ్లి చూసి రండి. ప్రతి రకం పనికీ ముందు చదరపు మీటరు నమూనా గోడ మీదే చేయించి, దాని మీద సంతకం చేసి, పని ముగిసేదాకా అలాగే ఉంచండి. తర్వాత వాదన వస్తే ఆ నమూనా ముందు నిలబడి మాట్లాడుకోవచ్చు. మొత్తం పనికి ఒకే రేటు కట్టకండి. గార తీస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి పరిమాణాల ప్రకారం చెల్లించండి, బయటపడేవాటి కోసం కొంత సొమ్ము విడిగా పెట్టుకోండి. తీసిన పాత తలుపులు, బందులు, పెంకులు కాంట్రాక్టర్‌వి కావని ఒప్పందంలో రాయండి. వాటిని నంబరు వేసి ఒక పొడి గదిలో పెట్టండి.

చివరగా రోజువారీ సంరక్షణకు ఏటా బడ్జెట్లో ఒక విడి పద్దు పెట్టించండి. చూరు కాలువలు ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయడం, గోడల్లో మొలిచే మొక్కలను వేలెడంత ఉన్నప్పుడే తీయడం, పగిలిన పెంకు ఆ వారమే మార్చడం. పెద్ద ప్రాజెక్టుకు దాతలు దొరుకుతారు, తూము శుభ్రం చేయడానికి దొరకరు. ఆ పద్దు కోసమే నేను మేనేజ్‌మెంట్‌తో ఎక్కువగా పోట్లాడాను.

భవనం పుస్తకాలకు మూడు ప్రతులు చేయించండి. ఒకటి లైబ్రరీలో, ఒకటి భవనాల విభాగంలో, మూడోది క్యాంపస్ బయట ఎక్కడైనా. ప్రతిదాని మొదటి పేజీలో చెయ్యకూడని పనులు పెద్ద అక్షరాల్లో ఉండాలి. మా దాంట్లో మొదటి వాక్యం ఇది: "ఈ గోడల అడుగున సిమెంటు వేయవద్దు, పక్కన రోడ్డు మట్టం పెంచవద్దు." కింద నా సంతకం, తేదీ ఉన్నాయి. పక్కనే ఆ మేస్త్రీ వేలిముద్ర ఉంది.